ఆయిలు యాడికీ పోదప్పా

చేతులు మూడుసార్లు సబ్బు వేసి కడిగాను. అయినా గోళ్ళ సందుల్లో బ్రేకు ఆయిలు వాసన అలాగే ఉంది. ఆముదంలా జారుతుంది, స్పిరిటులా ముక్కుకు తగులుతుంది. పదిహేడేళ్ళుగా నా చేతులకు అంటుకునే ఉన్న వాసన ఇది. ఈ రోజు మాత్రం దాన్ని వదిలించుకోవాలని ఎందుకనిపించిందో ముందే చెప్పేస్తాను. పొద్దున ఒక బండిని చూడకుండానే చూశానని చెప్పి పంపించాను.

బండి హనుమంతుది. ఇరవై ఏళ్ళు దాటిన పికప్. హిందూపురంలో పట్టునూలు మూటలు ఎక్కించుకొని పెనుకొండ మీదుగా ధర్మవరం మగ్గాల వాళ్ళకు చేర్చడం అతని పని. ఎనిమిదింటికి నా షెడ్డుకు వచ్చి, పెడల్ ఒకసారి గట్టిగా ఉంటోందనీ, ఒకసారి మెత్తగా లోపలికి పోతోందనీ చెప్పాడు. అప్పటికే నా ముందు రెండు కొత్త బండ్లు ఉన్నాయి. వాటి యజమానులు కుర్చీల్లో కూర్చొని గడియారం చూసుకుంటున్నారు. నేను హనుమంతు బండిలో బ్రేకు ఆయిలు డబ్బా మూత తీసి చూశాను. ఆయిలు తగ్గింది. పోశాను. నాలుగు చక్రాల దగ్గరా బ్రేకు పైపుల్లో చేరిన ఎయిర్ తీశాను. చెప్పులతోనే పెడల్ మీద రెండుసార్లు గట్టిగా తొక్కాను. రాయిలా నిలబడింది. ఒకసారి తోలి చూస్తావా అన్నా అని అతను అడిగాడు. చూసినాను కదప్పా, ఏం కాదు పో అన్నాను. ఆ మాట అన్నప్పుడు అతని ముఖం కూడా చూడలేదు.

అతను వెళ్ళిన అరగంటకు బ్రేకు ఆయిలు సీసా అరలో పెట్టబోతే చేతికి తేలిగ్గా తగిలింది. పొద్దున మూత తీసిన సీసా అది. ఎయిర్ తీసేటప్పుడు పోయింది పోగా, ఇంకా చాలా ఆయిలు ఆ బండి తాగింది. చక్రాల దగ్గర చుక్క తడి లేదు. పైపుల మీద తడి లేదు. కింద నేల మీద మరక లేదు. అయితే అంత ఆయిలు ఎటు పోయింది? సీసా పట్టుకొని నిలబడ్డ నాకు మాబుసాబు గొంతు వినిపించింది. ఆయన చనిపోయి రెండేళ్ళయింది. ఆయన గొంతు ఎప్పుడూ పెద్దది కాదు. "ఆయిలు యాడికీ పోదప్పా. పోయిందంటే పోయిన తావు ఒకటి ఉండాది. అది కనబడేదాకా మూత మూయాకు."

మాబుసాబును హిందూపురంలో పాత బండ్లు తోలినవాళ్ళు తప్ప వేరెవరూ ఎరగరు. పెనుకొండ రోడ్డులో రేకుల షెడ్డు, ముందు ఒక కానుగ చెట్టు, బోర్డు లేదు. సన్నటి మనిషి. మోకాళ్ళ పైకి మడిచిన లుంగీ, భుజం మీద తుండుగుడ్డ. నాకు ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు మొదటిసారి ఆయన దగ్గరకు వెళ్ళాను. అప్పుడు నేను వేరేవాళ్ళ పికప్‌కు డ్రైవరును. బ్రేకు తొక్కి వదిలాక కూడా బండి ఎడమకు లాగేది. అప్పటికి రెండు షెడ్లలో చూపించాను. ఒకరు లైనర్లు మార్చారు, ఒకరు చక్రాలు సరిచేశామన్నారు. లాగడం మాత్రం ఆగలేదు. మాబుసాబు ఏ పనిముట్టూ ముట్టుకోలేదు. నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకొని తానే తోలాడు. రెండు మైళ్ళు పోయి తిరిగొచ్చాక లోటాతో నీళ్ళు తెచ్చి, ఒక్కో చక్రం డ్రమ్ము మీద నాలుగు చుక్కలు చల్లాడు. మూడింటి మీద నీళ్ళు అలాగే జారిపోయాయి. ముందు ఎడమ చక్రం మీద పడ్డవి సుయ్‌మని ఆవిరైపోయాయి.

ఆ చక్రానికి పోయే రబ్బరు పైపు ఊడదీసి నా చేతిలో పెట్టాడు. బయటికి కొత్తదానిలా ఉంది. నోటితో ఊదమన్నాడు. ఊదితే గాలి కష్టంగా పోయింది, వెనక్కి పీలిస్తే అసలు రాలేదు. "లోపల ఉబ్బిపోయిండాది. ఆయిలును పోనిస్తాది, తిరిగి రానీదు. అందుకే నువ్వు కాలు తీసినా అది పట్టు వదలదు. బయట చూసి బాగుండాదనుకుంటిరి అందరూ" అన్నాడు. పైపు మార్చడానికి పావుగంట పట్టింది. తెలుసుకోవడానికి ఆయన తీసుకున్న గంట సేపే నాకు నచ్చింది. నెల తిరక్కముందే డ్రైవరు పని మానేసి ఆయన దగ్గరకు పోయాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "డ్రైవరువి. కాళ్ళకు తెలిసుంటాది. చేతులకు నేను చెప్తాలే" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయనను మామా అని పిలిచాను.

ఆయన పద్ధతి ఒకటుండేది. బ్రేకు చూడాలంటే చెప్పులు కింద విడిచి, వట్టి కాలితో ఎక్కేవాడు. బండిని పూజిస్తున్నాడని కొందరు అనుకునేవాళ్ళు, షోకని కొందరు నవ్వేవాళ్ళు. నేనూ మొదట్లో నవ్వాను. ఇంజిను ఆన్ చేసి, అరికాలి ముందు భాగాన్ని పెడల్ మీద మెత్తగా ఆనించి, అలాగే ఉంచేవాడు. తర్వాత యజమానిని పక్కన కూర్చోబెట్టుకొని, ఈ బండి ఎవరెవరు ఎక్కుతారని అడిగేవాడు. వాళ్ళు చెప్పడం మొదలుపెట్టేవాళ్ళు. నేను, నా తమ్ముడు, సంతకు పోయేటప్పుడు మా ఆవిడ, బడి లేనప్పుడు పిల్లలు. ఆయన తలూపుతూ వినేవాడు, పేర్లు అడిగేవాడు, ఫలానా పాపకు జ్వరం తగ్గిందా అనేవాడు. కాలు మాత్రం కదిలేది కాదు. వాళ్ళ కుటుంబం మొత్తం చెప్పుకునేసరికి నిమిషం గడిచేది. ఆ నిమిషంలో పెడల్ గోరంత గోరంతగా కిందికి జారుతుంటే, పెడల్ నొక్కుడును ఆయిలుకు అందించే మాస్టర్ సిలిండర్‌లో రబ్బర్లు పోయినట్టు. స్పంజిలా మెత్తగా ఊగుతుంటే గాలి చేరినట్టు. రాయిలా ఉండి బండి మాత్రం ఆగకపోతే, తొక్కిన కాలికి బలం కలిపే బూస్టర్ పని చేయనట్టు. ఇదంతా నాకు ఆయన పాఠంలా చెప్పలేదు. నా కాలిని పెడల్ మీద పెట్టించి, దాని మీద తన చేయి ఆనించి చూపించాడు.

గట్టిగా తొక్కితే తొందరగా తెలుస్తుంది కదా మామా అని ఒకసారి అడిగాను. "గట్టిగా తొక్కితే రబ్బరు గోడకు అతుక్కొని కారే సందును దాచేస్తాది. మెత్తగా ఆనించి ఓపిక పట్టు. లోపల కారేది అదే చెప్తాది" అన్నాడు. ఎవరెక్కుతారని అడగడం కాలం గడపడానికేనా అని కూడా అడిగాను. దానికి ఆయన కాసేపు నవ్వి, "బండి ఇనుము శీనా. ఇనుముకు బ్రేకు ఏమిటికి?" అని ఊరుకున్నాడు.

ఆయన దగ్గర చేరిన రెండో ఏడు జరిగింది ఇప్పుడు చెప్పాలి. పరిగి నుంచి నంజిరెడ్డి అనే రైతు వచ్చేవాడు. మల్బరీ తోటలు, పట్టు పురుగుల పెంపకం. ఆయన దగ్గర ఒక పాత పికప్ ఉండేది. ఊరివాళ్ళ పట్టుగూళ్ళు కూడా తన బండిలోనే హిందూపురం మార్కెట్టుకు తెచ్చేవాడు. ఒక రోజు మాబుసాబు నమాజుకు వెళ్ళినప్పుడు ఆ బండికి బ్రేకు ఆయిలు పోసే పని నాకు పడింది. సీసాలో అడుగున కొంచెమే ఉంది. పక్కన అలాంటిదే ఇంకో సీసా. అందులో ఏముందో మూత తీసి వాసన చూడాల్సింది, చూడలేదు. పోస్తుంటే చిక్కగా, నిదానంగా దిగింది. ఆ చిక్కదనం నా కంటికి కనబడింది. లేచి పోయి కొత్త సీసా తేవాలంటే బద్ధకం. పోసేసి మూత పెట్టాను. అది ఇంజిన్ ఆయిలు. ముందు రోజు మిగిలింది ఆ ఖాళీ సీసాలో పోసిపెట్టింది కూడా నేనే.

మూడో రోజు నంజిరెడ్డి బండి దారిలో నాలుగు చక్రాలూ బిగుసుకొని నిలబడిపోయింది. బండి నిండా గూళ్ళు. ఎండలో గంటల తరబడి ఆగిపోతే లోపలి పురుగు రెక్కల పురుగై గూడు తొలుచుకొని బయటికి రావచ్చు, మార్కెట్టులో ఆ పూట వేలం కూడా అయిపోతుంది. రెండూ జరిగాయి. ఆయనొక్కడివి కాదు, ఆరిళ్ళ గూళ్ళు. మర్నాడు బండిని ఇంకో బండికి తాడు కట్టి లాక్కొచ్చాడు. కేకలు వేయలేదు. కేకలు వేసుంటే నాకు సులువుగా ఉండేదేమో. "ఆరిండ్లోళ్ళకు నేనేం చెప్పల్ల మాబుసాబూ?" అని మాత్రం అన్నాడు.

మాబుసాబు మూత తీశాడు. మూత లోపలి రబ్బరు తడిసిన అట్టలా ఉబ్బి వంకర తిరిగింది. ఆయన లోటాలో నీళ్ళు పట్టి, అందులోకి రెండు చుక్కల ఆయిలు వేశాడు. బ్రేకు ఆయిలైతే నీళ్ళలో కలిసిపోతుంది. ఇది కలవలేదు. రంగురంగుల పొరై పైన తేలింది. ముగ్గురం ఆ లోటాలోకి చూశాం. నంజిరెడ్డి, ఎవరు పోసిందిది అని అడిగాడు. నా చేతిలో స్పానర్ ఉంది. ఎదురుగా ఇంకో బండి చక్రం. అప్పటికే బిగించిన నట్టును మళ్ళీ బిగించసాగాను. మాబుసాబు నా వైపు తిరిగి కాసేపు చూశాడు. ఎంతసేపో చెప్పలేను, నాకు మాత్రం ఇప్పటికీ అది పూర్తికాలేదు. తర్వాత లోటాలో నీళ్ళు కానుగ చెట్టు మొదట్లో పారబోసి, "నా షెడ్డులో పోసింది రెడ్డన్నా. తప్పు నాది" అన్నాడు.

రెండు రోజులు ఆ బండి కిందే పడుకొని పైపులన్నీ కడిగి, ప్రతి రబ్బరూ మార్చాడు. నేను పక్కనే ఉండి అందించాను. ఆయన నన్ను ఒక్క మాట అడగలేదు. నంజిరెడ్డి బండి తీసుకొని పోయాడు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. పరిగి వైపు బండ్లు రావడం కూడా ఒక్కొక్కటిగా తగ్గింది. మాబుసాబు చేయి బాగాలేదని ఊళ్ళో ఒక మాట పుట్టింది. ఆ మాట టీ అంగడి దగ్గర నా చెవిన కూడా పడింది. టీ తాగేసి వచ్చేశాను. ఆయన చేసిందల్లా ఒకటే. బ్రేకు ఆయిలు సీసా మెడకు ఎర్రగుడ్డ పీలిక కట్టాడు. అది ఎందుకో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. ఇప్పటికీ నా షెడ్డులో ఆ సీసాకు ఎర్రగుడ్డ ఉంటుంది. కస్టమర్లు అడిగితే మా మామ అలవాటు అని చెబుతాను. అది నా తప్పుకు కట్టిన గుడ్డ అని ఎవరికీ చెప్పలేదు.

ఇంకా తొమ్మిదేళ్ళు ఆయన దగ్గర పని చేశాను. కళ్ళు మసకబారాక షెడ్డు నాకు వదిలి ధర్మవరంలో కూతురింటికి వెళ్ళాడు. చనిపోయే ముందు ఏడాది చూడ్డానికి వెళ్ళాను. బస్సులో దారి పొడుగునా, పోసింది నేనే అన్న ఆ ఒక్క మాటనే వల్లె వేసుకున్నాను. ఆయన మంచం మీద కూర్చొని, షెడ్డు ఎట్లుండాది శీనా అని అడిగాడు. బండ్లను పైకెత్తే మిషను కొన్నానని చెప్పాను. కాఫీ తాగాను. కొత్త బండ్ల గురించి మాట్లాడాను. లేచే ముందు ఆయన నా చేయి పట్టుకొని చాలాసేపు వదలలేదు. గట్టిగా పట్టుకోలేదు, ఊరికే ఆనించి ఉంచాడు. ఏమన్నా చెప్పేదుండాదా అని అడిగాడు. ఏం లేదు మామా అన్నాను.

పొద్దున సీసా పట్టుకొని నిలబడ్డప్పుడు ఇవన్నీ వరుసగా గుర్తుకు రాలేదు. ఆ చేయి మాత్రం గుర్తుకొచ్చింది. బయట ఎక్కడా కారకుండా ఆయిలు తగ్గిందంటే మిగిలింది ఒకే చోటు. మాస్టర్ సిలిండర్ వెనక రబ్బరు తెగి, దాన్ని ఆనుకొని ఉండే బూస్టర్ డబ్బాలోకి ఆయిలు చేరుతూ ఉండాలి. అది బయటికి కనబడదు. గట్టిగా తొక్కితే పెడల్ నిలబడుతుంది. బరువుతో దిగుడులో మెత్తగా తొక్కి పట్టుకుంటే కిందికి పోతుంది. హనుమంతుకు ఫోన్ చేశాను. తీయలేదు. తోలేటప్పుడు ఫోన్ తీయని మనిషి, మంచి డ్రైవరు. కుర్చీల్లో ఉన్నవాళ్ళకు షెడ్డు మూస్తున్నానని చెప్పాను. ఒకాయన, మా బండి సంగతేమప్పా అన్నాడు. చూడకుండా పంపిన బండి ఒకటుంది, దాన్ని చూసి వస్తానన్నాను. కొత్త మాస్టర్ సిలిండర్, నాలుగు స్పానర్లు, ఎర్రగుడ్డ కట్టిన సీసా సంచిలో వేసుకొని మోటార్ సైకిలు తీశాను.

సోమందేపల్లి దగ్గర టీ అంగడి ముందు ఆ పికప్ కనబడింది. దాన్ని చూశాక గానీ దారిలో ఎంత వేగంగా వచ్చానో నాకు తెలియలేదు. హనుమంతు టీ గ్లాసుతో నిలబడి ఉన్నాడు. బండి లోపల పక్క సీట్లో ఒక అవ్వ కూర్చొని బన్ను టీలో ముంచుకొని తింటోంది. హనుమంతు తల్లి. ధర్మవరంలో కూతురింటికి పోవడానికి ఊరి బయట ఎక్కిందట. ఈ బండి ఎవరెవరు ఎక్కుతారని పొద్దున అడిగుంటే అతను ఆమె పేరు చెప్పేవాడు.

చెప్పులు కింద విడిచి ఎక్కాను. ఇంజిను ఆన్ చేసి కాలు మెత్తగా ఆనించాను. అవ్వ నా వట్టి కాళ్ళకేసి చూసి, ఏమప్పా చెప్పులు తెగినాయా అంది. ఆమె బన్ను పూర్తయ్యేలోపే పెడల్ నా కాలి కింద నిదానంగా జారి అడుగుకు చేరింది. దిగి, సిలిండర్ నట్లు రెండూ విప్పి ముందుకు లాగాను. బూస్టర్ నోటి నుంచి పొద్దున నేను పోసిన ఆయిలు నల్లగా కారి నా చేతుల మీద పడింది.

హనుమంతు వంగి నా చేతుల మీది ఆయిలు చూశాడు. తర్వాత మంచితనం కొద్దీ నాకు తప్పించుకునే దారి చూపించాడు. పాత బండి, మట్టి రోడ్లలో తిరిగేది, వచ్చేటప్పుడు ఏ రాయన్నా తగిలి చెడిందేమోలే అన్నా అన్నాడు. అవునప్పా అంటే అక్కడితో అయిపోయేది. నా చేతిలో స్పానర్ ఉంది. కింద పెట్టాను. "లేదు హనుమంతూ. పొద్దున నేను చూడల్యా. చూసినానని చెప్పినా. తప్పు నాది" అన్నాను.

అవ్వ అంది. "చూడకుండా చూసినానని పంపి, చూసేదానికి ఇంత దూరం వస్తివా? పొద్దున కండ్లు ఇంట్లో పెట్టి వచ్చినావా నాయనా?" టీ అంగడి ఆయన నవ్వాడు. నాకు ఆ మాట పడాల్సిందే. కొత్త సిలిండర్ బిగించి, ఎయిర్ తీసి, మళ్ళీ వట్టి కాలితో కూర్చున్నాను. ఈసారి అవ్వను అడిగాను, ఈ బండి ఎవరెవరు ఎక్కుతారని. ఆమె ఇద్దరు కోడళ్ళ తగవులతో సహా చెప్పింది. పెడల్ కదల్లేదు. అయినా మోటార్ సైకిలు టీ అంగడి దగ్గర వదిలి, వెనక నూలు మూటల పక్కన కూర్చొని పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా వాళ్ళతో వెళ్ళాను. దిగుడు వచ్చిన ప్రతిసారీ నా కుడికాలు దానంతటదే మూటను తొక్కింది.

తిరిగి బస్సులో సోమందేపల్లి వచ్చి మోటార్ సైకిలు తీసుకున్నాను. హిందూపురం దారిలో పరిగి వైపు తిరిగే చోటు ఉంది. పదిహేనేళ్ళుగా ఆ మలుపు దగ్గర తల తిప్పకుండా పోతున్నాను. ఈ రోజు తిరిగాను.

నంజిరెడ్డి వాకిట్లో మల్బరీ ఆకు కట్టలు విప్పుతున్నాడు. ముసలివాడయ్యాడు. మాబుసాబు దగ్గర పని చేసిన శీనయ్యను అన్నాను. తెలుసు అన్నట్టు తలూపాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆ రోజు ఇంజిన్ ఆయిలు పోసింది నేనే రెడ్డన్నా, మామ కాదు అని చెప్పాను. ఆయన చేతిలో కట్ట పూర్తిగా విప్పి, ఆకు పరిచాక మాట్లాడాడు.

"ఆ పొద్దే తెలుసప్పా. లోటాలో ఆయిలు తేలినప్పుడు నేను మాబుసాబును చూడల్యా, నిన్ను చూసినా. బిగించిన నట్టునే బిగిస్తాంటివి."

మరి ఎందుకు అడగలేదని అడిగాను.

"ఆయప్ప నాది తప్పు అనె. ఆ మాట మీద ఇంకేం మాట్లాడల్ల? మళ్ళా వస్తే నిన్ను చూసి నోరు జారుతాదని రావడం మానుకుంటి. నువ్వే వచ్చి చెప్తావని ఒక ఏడాది చూసినా." కాస్త ఆగి, మాబుసాబుకైనా చెప్పినావా అని అడిగాడు. లేదన్నాను. ఆయన నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. మళ్ళీ ఆకు కట్టల వైపు తిరిగాడు.

ఆ ఆరిళ్ళలో ఇప్పుడు ఎవరెవరు ఉన్నారో చెప్పమన్నాను. నలుగురున్నారని చెప్పాడు. రేపు పొద్దున వాళ్ళ దగ్గరకు వెళ్తాను, మాబుసాబు చేయి మంచిదని చెప్పడానికి. లేచి వస్తుంటే రేకుల కింద ఆ పికప్ కనబడింది. రంగు వెలిసింది గానీ అదే. బ్రేకు ఎట్లుండాది అని అడిగాను. ఉండాది, అంతే అన్నాడు.

చెప్పులు విడిచి ఎక్కాను. మూడోసారికి ఇంజిను అందుకుంది. నంజిరెడ్డి చేతులు దులుపుకొని వచ్చి, అటు తలుపు తెరిచి నిదానంగా పక్కన కూర్చున్నాడు. పెడల్ మీద కాలు మెత్తగా ఆనించాను.

"ఈ బండి ఎవరెవరు ఎక్కుతారు రెడ్డన్నా?"

ఆయన మనవరాలి పేరుతో మొదలుపెట్టాడు. నేను కాలు తీయలేదు.